డెమీనా, గ్రేనా? ఈ లెక్క నాకు తేలడం లేదు

తేజ334 (గుంటూరు)

అందరికీ నమస్కారం. ఆకర్షణ అంతగా కలగనివాళ్ల ఈ చర్చాపేజీలో రెండు నెలలుగా చదవడమే తప్ప ఏమీ రాయలేదు. ఇవాళ రాయక తప్పట్లేదు. ఆదివారం లోపు ఒక మనిషికి ఒక మాట చెప్పాలి, ఆ మాట ఏంటో నాకే తెలీదు.

నాకు 31. ఇల్లు బ్రాడీపేటలో. మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో లెక్కలు రాస్తా. ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగాయి, కాటా ఎంత వచ్చింది, రైతుకి పట్టీ ఎంత, కోల్డ్ స్టోరేజీ అద్దె ఎంత, ఇదే నా రోజు. పది రూపాయలు తేడా వస్తే రాత్రి అన్నం సయించని రకం. అలాంటిదాన్ని, నా సొంత లెక్క దగ్గర పదేళ్లుగా ఆగిపోయా.

నాకు మగవాళ్లని చూస్తే ఏమీ అనిపించదు. (ఆడవాళ్లని చూసినా అంతే. ఆ అనుమానం కూడా తీర్చుకున్నా.) డిగ్రీలో హాస్టల్ గోడకి హీరో పోస్టరు అంటించి మా గదిలో పిల్లలు మురిసిపోతుంటే నేనూ పక్కన నిలబడి "అవునే, బాగున్నాడే" అనేదాన్ని, పట్టుచీర అంచు బాగుందే అన్నట్టు. అందరూ కాస్త ఎక్కువ చేసి చెబుతారు కాబోలు, నేనూ చెబుతున్నా అనుకునేదాన్ని. వాళ్లకి లోపల నిజంగానే ఏదో అవుతోందని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

అలాగని ఎప్పుడూ ఏమీ లేదంటే అబద్ధం. రెండుసార్లు ఉంది. 31 ఏళ్లలో రెండు.

మొదటిది 22లో. సీఏ కోచింగ్‌కని రోజూ బెజవాడ వెళ్లొచ్చేదాన్ని. ఒకతనూ నేనూ మూడేళ్లు కలిసి చదివాం, ఒకే బస్సులో తిరిగాం, వాళ్లమ్మ కట్టిచ్చిన పులిహోరలో సగం నేనే తిన్నా. ఆ మూడేళ్లూ స్నేహితుడు, అంతే. ఒక సాయంత్రం పెద్ద వాన. నెహ్రూ బస్టాండులో గంటన్నర ఇరుక్కుపోయాం. అతను జేబురుమాలు పిండుకుంటున్నాడు. అంతే, ఉన్నట్టుండి నాకేదో అయింది. చెయ్యి పట్టుకోవాలనిపించడం కాదు, అంతకంటే చాలానే. ఆ రాత్రి అమ్మ మొహం చూడలేకపోయా. నాలుగైదు నెలలు ఉండి, చెప్పాపెట్టకుండా పోయింది. స్నేహం పోలేదు. అతని పెళ్లిలో తలంబ్రాల పళ్లెం పట్టుకుంది నేనే.

రెండోది 27లో. మార్చి నెల, యార్డు కిక్కిరిసి ఉంది, ఎటు చూసినా తుమ్ములే. ఎవరో కొనుగోలుదారు తరఫున ఒకతను మూడు రోజులు కాయ చూడ్డానికి వచ్చాడు. కాయ తుంచి, గింజ చూసి, ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. తుమ్మేవాడు కాదు. నాతో మాట్లాడింది మహా అయితే పది మాటలు, అవీ సరుకులో తేమ గురించి. ఆ మూడు రోజులూ నా పద్దుల్లో తప్పులే తప్పులు. నాలుగో రోజు అతను లేడు. ఆ వారంలోనే నాలో అదీ లేదు. పేరు కూడా అడగలేదు.

ఆ తర్వాత ఇప్పటిదాకా సున్నా. ఈ మధ్యలో నాకు ప్రాణంలాంటి మనుషులు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. వాళ్లతో ఏమీ లేదు.

ఇప్పుడొక సంబంధం. విజయవాడ, పటమట. మూడుసార్లు కలిశాం, ఫోన్లో రోజూ మాట్లాడుకుంటున్నాం. మంచివాడు. మాట మధ్యలో అడ్డు రాడు. అతనితో కలిసి ముసలిదాన్ని కావడం ఊహించగలను. సాయంత్రం కాఫీ, కూరగాయలు, అత్తగారి బీపీ మాత్రలు, అన్నీ ఊహకొస్తాయి. ఆ ఒక్కటి మాత్రం రాదు. అసహ్యం కాదు, భయం కూడా కాదు. గుర్తే రాదు.

మా పిన్నికి సగం చెప్పా. "మాకు మాత్రం ముందే ఉందా ఏంటే? తాళి కట్టేదాకా మీ బాబాయి మొహం సరిగ్గా చూళ్లేదు. కాపురం చేస్తుంటే అదే వస్తుంది" అంది. గుంటూరులోనే ఒక డాక్టరమ్మ దగ్గరికి కూడా వెళ్లా. ఆవిడ కళ్లజోడు పైనుంచి చూసి "పెళ్లి చేసుకో, అదే మందు" అంది. ఫీజు మాత్రం తీసుకుంది.

తర్వాత ఇక్కడే డెమిసెక్సువల్, ముద్దుగా డెమీ, అన్న మాట చదివా. మనసు ముడిపడ్డాకే ఆకర్షణ పుడుతుంది అని. మా పిన్ని చెప్పింది అదే కదా! ఎంత నిమ్మళించానో. బస్టాండు సంగతి అచ్చం దానికి సరిపోతుంది. ఆ మార్చి మూడు రోజులే సరిపోవు. అవి తాలు కాయలనుకుని పక్కకి ఏరేస్తే, మిగిలిన సరుకు డెమీయే కదా? లేక గ్రే అంటున్నారే, అది వేరా? తేడా తెలిసినవాళ్లు చెప్పండి.

వన్‌టౌన్_బాబాయ్

అమ్మాయ్, మీ పిన్ని చెప్పిందే రైటు. మన దగ్గర ఆడపిల్లలంతా అంతే, ముందు పెళ్లి, ఆ తర్వాతే మిగతావన్నీ. ఆ లెక్కన గుంటూరు జిల్లా మొత్తం డెమీయే. దీనికి ఇంగ్లీషు పేర్లెందుకు? శుభలేఖ వేయించుకో.

గవర్నర్‌పేట_మెట్లు

బాబాయ్ గారూ, ఈ మాట నాకు వందమంది చెప్పారు. మీకు కాస్త ఓపిగ్గా జవాబు చెబుతాను, తేజ కోసం.

నేను డెమీని. 36, పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. "మన దగ్గర అందరూ అంతే" అనడంలో రెండు వేరే విషయాలు కలిసిపోయాయి. ఒకటి, అనిపించినా ఆగడం. అది పెంపకం, భయం, పరువు, ఏదైనా అనండి. రెండోది, అసలు అనిపించకపోవడం. సినిమా హాల్లో ఈల వేయకుండా ఒద్దికగా కూర్చున్న అమ్మాయికి ఈల వేయాలని ఉండొచ్చు. నేనూ ఒద్దికగానే కూర్చున్నా, కాకపోతే నాకు నోరు బిగబట్టుకోవాల్సిన పనే పడలేదు. బయటికి ఇద్దరం ఒకలాగే కనిపిస్తాం. పెళ్లిచూపుల్లో అయితే మరీ. తల దించుకున్న పిల్లని చూసి లోపలేముందో ఎవరు చెప్పగలరు?

తేజా, డెమీ ఎలా ఉంటుందో నాకు తెలిసినంత చెబుతా. ఆవకాయ కలిపిన రోజు ముక్క కొరికితే పచ్చి కారం, పచ్చి ఆవ. మూడో రోజు తిరగేసి, ఇంకొన్నాళ్లు ఊరాక కదా అది ఆవకాయయ్యేది. నాకు మనుషులు అలాంటివాళ్లు. మా ఆయన రెండేళ్లు నా పక్క సీటు ఉద్యోగి. ఆ రెండేళ్లలో ఆయన అందగాడని ఆఫీసులో అందరూ అన్నారు, నాకు పట్టలేదు. మా నాన్న ఆస్పత్రిలో ఉన్న పదకొండు రోజులూ ఆయన క్యారేజీ తెచ్చాడు. ఆ తర్వాత ఎప్పుడో, ఎలాగో, ఆయన చొక్కా చేతులు మడుస్తుంటే నాకు చూపు తిప్పుకోవడం కష్టమైంది. ఒకసారి వచ్చాక నాది మామూలు భార్యల కథే. తక్కువేం లేదు.

ఇక్కడ రెండు మెలికలు. ఊరిన ప్రతి జాడీ నచ్చాలని లేదు. నాకు ప్రాణ స్నేహితులున్నారు, వాళ్లమీద ఎప్పుడూ అలాంటిది రాలేదు. ముడి ఉంటే వస్తుందని కాదు, ముడి లేకుండా రాదు అని. కాబట్టి నీ ఇద్దరు ముగ్గురు ఆప్తులతో ఏమీ లేకపోవడం డెమీకి అడ్డం కాదు. రెండోది, కాపురం చేసినంత మాత్రాన ముడి పడదు. ఒకే కప్పు కింద ఇరవై ఏళ్లుండి ముడిపడని వాళ్లు మీ వీధిలోనే ఉంటారు. తాళి వేరు, ఈ ముడి వేరు.

నీ మార్చి కుర్రాడే చిక్కు. పది మాటలకి, తేమ శాతానికి డెమీ మనిషికి కదలిక రాదు. నాకైతే ఎప్పుడూ రాలేదు. అలాంటిది ఒక్కసారి వచ్చినంత మాత్రాన నీ డెమీ కార్డు ఎవరూ లాక్కోరు. కానీ దాన్ని తాలు అని ఏరేయకు. యార్డులో తాలుకీ ఒక రేటు ఉంటుందిగా, నాకంటే నీకే తెలుసు.

కృష్ణలంక_కరకట్ట

అక్కయ్యగారి ఆవకాయ బాగుంది. నాకు ఆ జాడీ లేదు. నేను గ్రే. 41, మగ, పెళ్లయి పదేళ్లు దాటింది. మగవాడు ఇలాంటిది రాయడం మన వైపు ఎంత అరుదో తెలుసుగా, అందుకే కాస్త పొడుగ్గా రాస్తా, తిట్టుకోకండి.

ముందు మాటల సంగతి. 2001లో డేవిడ్ జే అనే అమెరికా కుర్రాడు ఏవెన్ అని ఒక వెబ్‌సైటు మొదలుపెట్టాడు, అలైంగికుల కోసం. అసలు ఎవరిమీదా ఆకర్షణ కలగనివాళ్లు అక్కడ చేరారు. చేరినవాళ్లలో కొందరు "మేం దాదాపు మీలాగే, కానీ పూర్తిగా కాదు" అన్నారు. డెమిసెక్సువల్ అన్న మాట 2006లో ఆ చర్చల్లోనే పుట్టింది. గ్రే కూడా దాదాపు ఆ రోజులదే. అంటే ఇవి డాక్టర్లు రాసిన రోగాల పేర్లు కావు. మనలాంటివాళ్లు రాత్రిపూట కూర్చుని, తమకి తాము సరిపోయే మాట వెతుక్కుంటే దొరికినవి. 2010లో వచ్చిన ఏస్ (అంటే అలైంగికుల) జెండాలో నలుపు, బూడిద, తెలుపు, ఊదా పట్టీలుంటాయి. ఆ బూడిద పట్టీ గ్రేలదీ డెమీలదీ కలిపి. జెండాలోనే పొత్తు కాపురం అన్నమాట. అందుకే కొందరు డెమీని గ్రే గొడుగు కింద ఒక రకంగా చెబుతారు, కొందరు పక్కపక్క ఇళ్లంటారు. రెండు మాటలూ ఒకే మనిషి వాడుకున్నా తప్పులేదు.

తేడా ఎక్కడంటే, డెమీకి ఒక షరతు ఉంటుంది. గ్రేకి షరతు ఉండదు, కరువు ఉంటుంది. చాలా అరుదుగా రావొచ్చు. వచ్చినా పీలగా ఉండొచ్చు, అది అదేనా కాదా అని నీకే అనుమానం వచ్చేంత. వచ్చినా దాని వెంట నడవాలని అనిపించకపోవచ్చు. ఎందుకొచ్చిందో, ఎందుకు పోయిందో చెప్పలేం. నువ్వు రాసిన బస్టాండు సంగతి చదివి అక్కయ్యగారికి మూడేళ్ల స్నేహం కనిపించింది. నాకు మాత్రం "చెప్పాపెట్టకుండా పోయింది" అన్నది కనిపించింది. స్నేహం అలాగే ఉండగా అది పోయింది చూడు. పోవడం డెమీలకీ ఉంటుందేమో, నేను అనను. కానీ 31 ఏళ్లలో రెండుసార్లు, ఒకటి తెలిసినవాడి మీద, ఒకటి తెలియనివాడి మీద, రెండూ వాటంతట అవే పోయాయి. నన్నడిగితే ఇది గ్రే.

2004లో బొగార్ట్ అనే కెనడా పరిశోధకుడు బ్రిటన్‌లో 18 వేలమందికి పైగా ఇచ్చిన జవాబులు చూసి, సుమారు 1 శాతం మంది ఎవరిమీదా ఎప్పుడూ ఆకర్షణ కలగలేదన్నారని రాశాడు. అందరూ ఆ అంకె చెబుతారు. "ఎప్పుడూ" అన్న మాట దగ్గరే నువ్వూ నేనూ ఆ లెక్కలోంచి జారిపోతాం. ఒక్కసారి, రెండుసార్లు అన్నవాళ్లకి గడి లేదు. నీ పద్దుల పుస్తకంలో అలాంటివి ఏ ఖాతాలో రాస్తావో నాకు తెలీదు.

ఇక అసలు సంగతి. కటువుగా ఉంటే క్షమించు చెల్లెమ్మా. నువ్వు తేడా అడగడం లేదు. డెమీ అనిపించుకోవాలని చూస్తున్నావు. ఎందుకంటే డెమీ అయితే మీ పిన్ని మాట నిజమైపోతుంది. పెళ్లి చేసుకుంటావు, మనసు కలుస్తుంది, అదే వస్తుంది, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. గ్రే అయితే ఆ హామీ లేదు. వస్తే వస్తుంది, రాకపోతే లేదు, ముందే నోరు విప్పాలి. నువ్వు ఏరేద్దామనుకున్నది మూడు రోజుల్ని కాదు, ఆ మాట్లాడాల్సిన పనిని.

నేను నోరు విప్పలేదు. 2014లో పెళ్లి. నాకు ఏడాదికి ఒకటి రెండుసార్లు, కొన్నేళ్లు అసలు లేదు. అలాగని కాపురం చేయలేనని కాదు. దగ్గరితనం ఇష్టమే, చిరాకు లేదు, నా అంతట నాకు తోచదు, అంతే. ఆ తోచకపోవడం పక్క మనిషికి ఎలా ఉంటుందో నాకు తెలీలేదు. మా ఆవిడ మొహానికి క్రీములు మార్చింది. రాత్రిపూట అన్నం మానేసింది. జుట్టు కత్తిరించుకుంది. నేను "బాగుంది" అన్నా, నీ పట్టుచీర అంచులాగే. రెండేళ్లు ఆమె తనలోనే లోపం వెతుక్కుంది. 2016 కృష్ణా పుష్కరాలకి చుట్టాలంతా మా ఇంట్లోనే దిగారు, హాలు నిండా చాపలు. ఇద్దరం మాట్లాడుకోడానికి డాబా మీద నీళ్ల ట్యాంకు వెనక తప్ప చోటు లేదు. అక్కడ అడిగింది, "ఇంకెవరైనా ఉన్నారా?" అని. అప్పటికి నాకు ఈ మాటలేవీ తెలీవు. "ఎవరూ లేరు, నువ్వూ కారణం కాదు, నాకు మొదటినుంచీ అది అంత ఉండదు" అన్నా. ఆమె ఏడ్చింది. కోపంతో కాదు, రెండేళ్ల అన్నం గుర్తొచ్చిందట.

ఇప్పుడు బాగానే ఉన్నాం. కొన్ని ఏర్పాట్లు చేసుకున్నాం, అవి మా సొంతం. కానీ ఆ రెండేళ్లు తిరిగి ఇవ్వలేను.

తేజ334

అన్నయ్యా, మధ్యాహ్నం కొట్లో చదివి పుస్తకం మూసేశా. సేటు గారు ఏమైందమ్మా అంటే కారం పడింది కంట్లో అన్నా. యార్డులో ఇదొక సౌకర్యం, ఎప్పుడు ఏడ్చినా ఎవరూ అడగరు.

మీరన్నది నిజమే. డెమీ అన్న మాట దొరికినప్పుడు నేను చేసిన మొదటి పని ఏంటో తెలుసా, దాన్ని పిన్నికి ఫోన్ చేసి చెప్పాలనుకోవడం. "నువ్వు రైటే పిన్నీ" అని. నాకు నా గురించి తెలిసినందుకు కాదు సంతోషం, ఎవరితోనూ గొడవ పడక్కర్లేదని.

గవర్నర్‌పేట అక్కా, మీ చొక్కా చేతుల సంగతి మూడుసార్లు చదివా. నాకు అలా వస్తే బాగుండని ఉంది, వస్తుందని మాత్రం అనిపించట్లేదు. అక్కడే నాకు కాస్త అర్థమైంది. ఇంకో అనుమానం. శరీరానికి ఎప్పుడైనా ఏదో కావాలనిపించడం ఉంది, ఇది రాయడానికే సిగ్గు. కానీ అందులో ఏ మనిషీ ఉండడు. అదుంటే నేను గ్రే కాదా?

మాత్రల_డబ్బా

మందుల కొట్టు నడుపుతా, మొగల్రాజపురంలో. ఆఖరి ప్రశ్నకి నేను చెబుతా. ఒంటి కోరిక వేరు, ఒక మనిషి మీదికి లాగడం వేరు. ఆకలేయడం, ఫలానా హోటల్ దోసె మీదికే మనసు పోవడం ఒకటి కాదుగా. ఏస్, గ్రే, డెమీ మాటలన్నీ రెండోదాని గురించే. మొదటిది ఉన్నా, లేకపోయినా ఫర్వాలేదు. ప్రేమ మళ్లీ మూడోది. నీకు కాఫీ, బీపీ మాత్రలు ఊహకొస్తున్నాయంటే అది బానే ఉన్నట్టుంది.

డాక్టరమ్మ విషయం. ఎప్పుడూ బాగా ఉండి, ఈమధ్య పోయినవాళ్లకైతే నేనే పరీక్షలు చేయించుకోమంటా. థైరాయిడ్ తగ్గితే, ప్రొలాక్టిన్ అనే హార్మోను పెరిగితే, డిప్రెషన్ వల్ల, ఆ డిప్రెషన్‌కి వాడే కొన్ని మాత్రల వల్ల కూడా కోరిక పడిపోతుంది. అది వైద్యం సంగతి. మొదటినుంచీ ఇంతే, దానివల్ల నాకు బాధ లేదు అంటే రోగం కాదు. అమెరికా సైకియాట్రీవాళ్లు 2013లో తెచ్చిన డీఎస్ఎం-5 అనే మానసిక రోగాల పుస్తకంలో కూడా, తాను అలైంగికమని చెప్పుకునే మనిషికి జీవితమంతా కోరిక లేకపోవడాన్ని జబ్బుగా రాయొద్దనే ఉంది. పెళ్లి అన్న మందు మాత్రం నా కొట్లో లేదు. ఎవరైనా కౌంటర్లో అడిగితే అదే చెబుతా. ఆన్‌లైన్లో అమ్మే కోరిక పెంచే లేహ్యాలు కొనకు, ఇది మాత్రం గట్టిగా చెబుతున్నా.

నల్లకోటు_అరండల్‌పేట

రెండు ముక్కలు. ఈ మాటలేవీ మన చట్టంలో లేవు. 1955 హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ నపుంసకత్వం వల్ల కాపురం జరగకపోతే పెళ్లి రద్దు కోరొచ్చంటుంది. అది చేయలేకపోవడం గురించి, అనిపించకపోవడం గురించి కాదు. అయితే 2007లో సమర్ ఘోష్ కేసులో సుప్రీంకోర్టు, సరైన కారణం లేకుండా ఒకరు ఏకపక్షంగా చాలాకాలం దాంపత్యానికి నిరాకరిస్తే అది మానసిక క్రూరత్వం కిందికి రావొచ్చంది. భయపెట్టడానికి కాదు. "తర్వాత చూసుకుందాం" అనే సలహా ఇచ్చేవాళ్లు నా గదిలోకి ఎప్పుడూ రారు, ఆ సలహా విన్నవాళ్లే వస్తారు. ముందు చెప్పు. కాగితం మీద అక్కర్లేదు, నోటితో చెప్పు.

వన్‌టౌన్_బాబాయ్

నేను తేలిగ్గా మాట్లాడాను, ఏమనుకోకమ్మా. కరకట్ట గారు రాసింది మా ఆవిడకి చదివి వినిపించా. విని, ఏమీ మాట్లాడకుండా వంటింట్లోకి వెళ్లింది. పెళ్లయి 33 ఏళ్లు. ఇప్పుడు నాకే ఏం అడగాలో తెలీక కూర్చున్నా.

గవర్నర్‌పేట_మెట్లు

బాబాయ్ గారూ, వంటింట్లోకి వెళ్లండి.

తేజ334

ఆదివారం అయిపోయింది. జరిగింది చెప్పాలిగా.

బెజవాడ నేనే వెళ్లా, ఇంట్లో చీర కొనుక్కోడానికని చెప్పి. (కొన్నా కూడా, బీసెంట్ రోడ్డులో. అబద్ధానికి రసీదు ఉండాలి.) హోటల్లో కూర్చుంటే పక్క బల్లవాళ్లు వింటారని ప్రకాశం బ్యారేజీ మీద నడుద్దామన్నా. అదీ తప్పే. బస్సులు, బైకులు, హారన్లు. రెండు వాక్యాలు చెబితే ఒకటి గాలికి పోయింది. చివరికి దిగి, సీతానగరం వైపు మెట్ల మీద కూర్చున్నాం.

గ్రే, డెమీ అని మొదలుపెట్టలేదు. బస్టాండు, మార్చి, మధ్యలో సున్నా, ఆ తర్వాత సున్నా, అంతా పద్దు చదివినట్టు చదివేశా. అతను అడ్డు రాలేదు. ఆఖర్న "అంటే నేను మీకు నచ్చలేదా?" అన్నాడు. కాదండీ, నచ్చారు, నచ్చారు కాబట్టే చెబుతున్నా అన్నా. "మరి నామీద వస్తుందా?" అన్నాడు. ఇదీ నేను భయపడ్డ ప్రశ్న. డెమీ అనుకుని ఉంటే "వస్తుందండీ, కాస్త టైమివ్వండి" అనేదాన్ని. తెలీదని చెప్పా. రావచ్చు, రాకపోవచ్చు, వచ్చినా ఉంటుందని మాట ఇవ్వలేను. రాకపోయినా మీ పక్కన ఉండాలని ఉంది, కానీ అది మీకు సరిపోతుందో లేదో మీరే చూసుకోవాలి, నేను చూడలేను.

చాలాసేపు నీళ్లవంక చూశాడు. పిల్లల సంగతేంటి అన్నాడు. నాకు కావాలి, దానికి ఇది అడ్డం కాదు అన్నా. ఇంట్లో చెప్పారా అన్నాడు. లేదు, మీకే మొదట అన్నా. దానికి కొంచెం నవ్వాడు, ఎందుకో. పదిహేను రోజులు టైమడిగాడు. ఈలోగా ఫోన్ చేయొచ్చా అని కూడా అడిగాడు. నన్ను గుంటూరు బస్సు ఎక్కించాడు, అదే బస్టాండులో. నాకేమీ అవ్వలేదు. జేబురుమాలు కూడా చూశా, పరీక్షగా. ఏమీ లేదు. కానీ కిటికీ పక్కన సీటు దొరికిందా అని అతను బయట నిలబడి తొంగి చూస్తుంటే బాగుంది. అది ఏ ఖాతాలోకి వస్తుందో తర్వాత చూస్తా.

అమ్మకి ఇంకా తెలీదు. చీర రంగు నచ్చలేదంది.

ఇవాళ పొద్దున అతని దగ్గర్నుంచి మెసేజ్. గ్రే గురించి చదువుతున్నానని, కొంత అర్థమైందని, ఒక్కటి మాత్రం రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదని. ఏంటండీ అంటే, "ఆ మిరపకాయలు వాసన చూసినవాడు ఎవరు?" అని.

పేరు కూడా తెలీదని చెప్పా. నమ్మినట్టు లేడు. మళ్లీ అడిగాడు, "నిజంగా తుమ్మలేదా?"

కృష్ణలంక_కరకట్ట

పదిహేను రోజులు అక్కర్లేదేమో చెల్లెమ్మా. అయినా ఆగు, అడిగిన గడువు ఇవ్వాలి.